ఉప్పు ఒకటి, పంచదార పన్నెండు

ఆగస్టులో ఓ మంగళవారం, ఉదయం పదకొండింటికి ఒడిశా సరిహద్దులోని నారాయణపట్న చేరాం. రాయగడలో రైలు దిగినప్పటి నుంచీ వానే. ఆర్మీ ట్రక్కులో నలుగురం: డాక్టరు కెప్టెన్, వైర్‌లెస్ ఆపరేటరు, మా వంటవాడు, నర్సింగ్ అసిస్టెంటుగా నేను. ఊరంతా వాంతులు, విరేచనాలు. రోగులను బడిలో పడుకోబెట్టారు. గుమ్మంలో అడుగుపెట్టగానే ముక్కుకు రుమాలు కట్టుకున్నాను. యుద్ధం చూశావా అని అడుగుతుంటారు నన్ను. నేను చూసింది ఈగల్ని. ఛీ!

సెలైన్ సీసాలు నాలుగే మిగిలాయి. ఇక ఉప్పు, పంచదార నీళ్లే దిక్కు. లీటరుకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. మా క్యాను ఇరవై లీటర్లది. నూటఇరవై చెంచాలు ఎవడు లెక్కపెడతాడు? కప్పుకు నలభై చెంచాలు పడుతుందని కొలిచి చూశాను. మూడు కప్పుల పంచదార, పావు కప్పు ఉప్పు. వంటవాడి చేత నా ఎదుటే కలిపించి, క్యాను వంటపాకలో పెట్టించాను. తాగించేముందు రుచి చూడాలి, కన్నీళ్లకన్నా ఉప్పగా ఉండకూడదు. అది డాక్టరు ఆర్డరు.

మర్నాడు పక్క ఊరి రోగుల్ని చూడ్డానికి వెళ్లి, అక్కడి నుంచి ఆయన వైర్‌లెస్‌లో అడిగారు.

"రుచి చూశావా? ఓవర్."

"చూశాను సార్. ఓవర్."

చూడలేదు. బడిగదిలో ఉన్నది ఒకటే మగ్గు, వాంతి చేసుకున్న నోళ్లన్నీ దాంతోనే తాగాయి. దోసిట్లో పోసుకుని చూడొచ్చు. కానీ ఆ గదిలో ఏదీ నా నోటికి తగలనివ్వబుద్ధి కాలేదు.

పదింటికి ఓ రైతు భార్య పిలిచింది. ఒళ్లో మూడేళ్ల పిల్ల.

"ఉప్పగుందంట బాబూ, తాగనంతంది."

"మందు తియ్యగా ఉంటుందేటి? పట్టు!" అని కసిరాను. పిల్ల ముక్కు మూసి నేనే రెండు మగ్గులు పట్టించాను.

మధ్యాహ్నం పిల్లకు ఫిట్స్ మొదలయ్యాయి. అప్పుడు మగ్గులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. సముద్రం నీళ్లు! వంటపాకకు పరిగెత్తాను.

"ఇందులో ఏం కలిపేవురా?"

వంటవాడు శ్రీకాకుళం వైపు మనిషి. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏటి బాబూ, సప్పగా ఉంటే మూడు గుప్పిళ్లు ఉప్పేసేను. నోటికి బాగోకపోతే ఆళ్లెలా తాగుతారు?"

కూర సరిచేసినట్టు సరిచేశాడు. వాడి మీద చెయ్యెత్తాను. కొట్టడానికి నాకేం మొహముంది? వాడైనా రుచి చూశాడు.

క్యాను పారబోసి, మళ్లీ కొలిచి కలిపాను. పిల్లకు సెలైన్ ఎక్కించాను. మూడున్నరకు నా భుజం మీద వాంతి చేసుకుని ప్రాణం వదిలింది. జరిగింది ఆ తల్లికి చెప్పలేదు.

పద్దెనిమిదో రోజున వెనక్కి వచ్చేశాం. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. ఎన్ని ప్రాణాలు కాపాడావో అన్నారు. నాకు మాత్రం ఒకటే కనబడుతుంది. ఒళ్లో చచ్చిన పిల్లను పెట్టుకుని, ఆ తల్లి తన చీరకొంగుతో నా చొక్కా తుడుస్తోంది.

"తప్పయిపోనాది బాబూ, మీ బట్టలు పాడుసేసింది."

తుడవనిచ్చాను.