హన్నమ్మ కోసం ప్రార్థన

మా బావగారు సుకుమార్ గారు కన్నీళ్ళు పెట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను. అన్నిసార్లూ లేని మనిషి కోసమే.

ఆ లేని మనిషి పేరు హన్నమ్మ. కొల్లేటి గట్టున చేపలు ఎండబెట్టుకుని బతికే పేదరాలు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చే ఒక వారపత్రికలో 2003లో ఆయన రాసిన సీరియల్‌కి ఆవిడే నాయిక. బావగారు ఏలూరులో మిషన్ స్కూలు తెలుగు మాస్టారు. కొల్లేరంటే ఆయనకు తెలిసింది, మండవల్లిలో మా ఇంటికొచ్చినప్పుడు వేయించిపెట్టిన కొరమీను ముక్క. దానికీ మా అక్క విజయకుమారి పక్కన కూర్చుని ముల్లు తీసిపెట్టాలి. అలాంటి మనిషి హన్నమ్మ చేత దోనె నడిపించారు, తుఫానులో పిల్లల్ని కాపాడించారు. పాఠకులు ఆహా ఓహో అన్నారు. ఇక ఆయన కాళ్ళు నేల మీద ఆనలేదు.

అక్క అన్నం వడ్డించి పిలిస్తే, "ఎలా తినను విజయా? హన్నమ్మ నిన్నటి నుంచి పస్తుంది" అనేవారు. అన్న తర్వాత మారు వడ్డించుకుని మరీ తినేవారు, అది వేరే సంగతి. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి కోక పెడతానన్నాడట. మా బావగారు ఇంకో మెట్టు ఎక్కారు. పుట్టని పినతల్లికి పట్టుచీర పెట్టారు.

ఆ వేసవి నుంచే అక్కకి కడుపులో పోట్లు, ఆగని రక్తం. డాక్టరమ్మ స్కానింగ్ చూసి, గర్భసంచిలో గడ్డ ఉందనీ, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుందనీ, ఇంటాయన్ని వెంటబెట్టుకుని రమ్మనీ చెప్పింది.

"ఇప్పుడా విజయా? కథ మంచి పట్టులో ఉంది. హన్నమ్మని నడిమధ్యలో వదిలేసి ఆసుపత్రి వరండాలో కూర్చోమంటావా?" అన్నారు బావగారు.

అక్క కూర్చోమనలేదు. దానికి నోరిచ్చిన దేవుడు అందులో మాట పెట్టడం మర్చిపోయాడని నాకెప్పుడూ కోపమే. బావగారు దసరా సెలవుల్లో చూద్దామన్నారు. దసరా సెలవులొచ్చేసరికి హన్నమ్మకి జబ్బు చేసింది.

ఏం జబ్బో చూద్దామని ఆ పత్రిక కొనుక్కుని చదివాను. గర్భసంచిలో గడ్డ. పొద్దున్నే లేచి కాసేపు గోడ పట్టుకుని నిలబడుతుందట. మరకల దుప్పటి ఎవరూ లేవకముందే ఉతికి ఆరేస్తుందట. బిందె ఎత్తబోయి, పళ్ళు బిగబట్టి, మళ్ళీ దించేస్తుందట. చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఈయనకి ఇంట్లో ఏం జరుగుతోందో కనబడదులే అని సరిపెట్టుకున్నాను. అన్నీ కనబడ్డాయి. అక్క ఏ చేత్తో గోడ పట్టుకునేదో కూడా కనబడింది. అంతా చూస్తూ కూర్చుని, లేచి ఆ బిందె అందుకోలేదు మహానుభావుడు. పెన్ను అందుకున్నారు.

అక్కని ఎలాగైనా ఆసుపత్రికి తీసుకెళ్ళాలని మా ఆయనకి చెప్పి ఏలూరు వచ్చేశాను. మర్నాడు ఆదివారం. అక్కావాళ్ళ చర్చిలో ఆరాధన అయ్యాక, ప్రార్థన కావలసినవాళ్ళు లేచి తమ మనవి చెప్పుకోవడం అలవాటు. ఆ రోజు బావగారు లేచారు. నా పక్కన అక్క గబగబా కొంగు నెత్తిమీదికి లాక్కుంది. తన కోసమే లేచారనుకుంది పిచ్చిది.

"హన్నమ్మ అనే సోదరి కోసం ప్రార్థించండి. గర్భసంచిలో గడ్డతో బాధపడుతోంది. పాపం, మా ఇంటి మనిషే" అన్నారు. జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

ఆ పత్రిక మొహం చూసినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. పాస్టరు గారు మోకరించి ప్రార్థించారు. అక్క కూడా ఆమెన్ అంది.

ఎవరి కోసం ప్రార్థన చేస్తే వాళ్ళని ఇంటికెళ్ళి పలకరించడం ఆ చర్చి స్త్రీల సమాజం పద్ధతి. మంగళవారం సాయంత్రం సమాజం పెద్ద పుష్పమ్మ గారు నలుగురిని వెంటేసుకుని, బత్తాయిలూ బ్రెడ్డూ పట్టుకుని దిగారు.

"హన్నమ్మ గారు ఏ గదిలో ఉన్నారండీ మాస్టారూ? పొద్దున్నుంచి ఆవిడ కోసం ఉపవాసం ఉండి వచ్చామండి" అన్నారావిడ.

"ఆవిడ... ఆవిడ నా సీరియల్లో పాత్రండి."

"అంటే మనిషి లేదాండీ?"

"అలా అనకండి. నా మటుకు నాకు ఉందండి."

నేనింక ఊరుకోలేకపోయాను. "మనిషి ఉందండి. అదిగో, మీకు కాఫీ పట్టుకొస్తోంది" అన్నాను.

అక్క ఒక చేత్తో పళ్ళెం, ఒక చేత్తో గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మొహం పాలిపోయి ఉంది. పుష్పమ్మ గారు ఒక్క క్షణం చూసి, లేచి పళ్ళెం అందుకున్నారు. "ఏమ్మా విజయకుమారీ, ఎన్నాళ్ళయింది ఇలా?" అంటే అక్క భోరుమంది. అది ఏడవగా చూడటం నాకదే మొదలు. ఆడవాళ్ళంతా దాని తలమీద చేతులుంచి ప్రార్థన చేశారు. బత్తాయిలు దాని ఒళ్ళో పెట్టారు.

గురువారం ఆపరేషన్. ఆ రోజే బావగారికి తరువాయి భాగం ఇవ్వడానికి గూడెం వెళ్ళక తప్పలేదట. భర్త సంతకం కావాలన్న నర్సుతో పోట్లాడి నేనే పెట్టాను. థియేటర్ బయట పుష్పమ్మ గారూ నేనూ కూర్చున్నాం.

మూడో రోజున ఆయన కొత్త పత్రిక చేత్తో పట్టుకుని వచ్చారు. మంచం పక్కన నిలబడి గట్టిగా చదివారు. హన్నమ్మకి ఆపరేషనయింది. ఆవిడ మొగుడు తోమా మంచం పక్కనుంచి కదలడం లేదు. తడిగుడ్డతో పెదాలు అద్దుతున్నాడు, లేపి కూర్చోబెడుతున్నాడు, రాత్రంతా చెయ్యి వదలకుండా మేలుకున్నాడు. పక్క మంచాలవాళ్ళు ముక్కులు చీదుకున్నారు. ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడు అంది ఒకావిడ. బావగారికి మళ్ళీ కన్నీళ్ళు. నాకు ఆ పత్రిక ఆయన నోట్లో కుక్కాలనిపించింది.

"ఎలా ఉంది విజయా?" అని అడిగారు.

అక్క కళ్ళు తెరిచింది. "తోమా చాలా మంచోడండీ" అంది.

బావగారి మొహం వెలిగిపోయింది.

"మీరింటికెళ్ళండి" అంది అక్క. "వెళ్ళి ఆయన్నొకసారి పంపించండి. నన్ను బాత్‌రూముకి తీసుకెళ్ళాలి."