తల వంచని నేరం

మీ పిల్లల మెడ పట్టి ఎవరికైనా దండం పెట్టించారా?

మన విద్యార్థులు గుంపులుగా కెనడా వస్తున్న రోజుల్లో, గ్వెల్ఫ్‌లో ఒక ఫిలిప్పీన్స్ ముసలమ్మ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్లం. నేను ఇంటర్వ్యూకు బయల్దేరుతుంటే రూమ్మేట్ సుమంత్ నవ్వాడు.

"ఆంటీ కాళ్లు మొక్కు బ్రో, జాబ్ గ్యారంటీ!"

నమ్మకం లేకున్నా, మెట్ల దగ్గర ఎదురైన ముసలమ్మ కాళ్లకు సరదాకి వంగాను. ఆవిడ కెవ్వుమని నా భుజాలు పట్టి లేపింది.

"వద్దు నాయనా! రెండో ప్రపంచ యుద్ధంలో మా దేశాన్ని ఆక్రమించిన జపాన్ సైనికుల ముందు మేమంతా వంగాల్సిందే. మా అన్న ఆటలో పడి మరిచాడు. కొట్టుకుంటూ లాక్కెళ్లారు. అమెరికా సైన్యం మమ్మల్ని విడిపించిన రోజు వీధంతా చిందులేసింది. అమ్మ మాత్రం వాడొస్తాడని గుమ్మంలోనే నిలబడింది. రాలేదు."

ఆ వయసులో ఆవిడ చిన్నపిల్లలా ఏడ్చింది. భయంతో వంగిన తలలో గౌరవం ఎక్కడుంది? తల వంచని పిల్లవాణ్ణి పొగరుబోతని తిట్టడం ఈరోజే మానండి.