అద్దాన్ని మళ్లీ గోడకెక్కించిన మేడమ్

పలాసలో కౌన్సెలింగ్ చేసే మేడమ్ మంగళవారం ఉదయం గుండెపోటుతో చనిపోయారు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన ఆడవాళ్లతో మాట్లాడటం ఆవిడ పని. వాళ్లలో మా అక్క ఒకరు. అక్క రాయమంటేనే ఇది రాస్తున్నాను.

ఆపరేషన్‌లో అక్కకు ఎడమ రొమ్ము తీసేశారు. గాయం మానింది. అక్క మాత్రం చావు ఇళ్లకు వెళ్లడం మానేసింది. మా ఉద్దానంలో చావు ఇంటి నుంచి వచ్చినవాళ్లు పెరట్లో బోరు దగ్గర తలమీద నీళ్లు పోసుకున్నాకే గడప తొక్కుతారు. ఆడవాళ్లంతా కలిసే పోసుకుంటారు. తడిచీర ఒంటికి అంటుకుంటే అందరికీ తెలిసిపోతుందని అక్క భయం. సొంత పిన్ని పోయినా వెళ్లలేదు. తలుపేసుకుని ఏడ్చింది. ఆ నెలలోనే డాక్టర్ సలహాతో మేడమ్ దగ్గరకు తీసుకెళ్లాను.

అక్క బాధపడకూడదని ఇంట్లో నిలువుటద్దం తీసి అటకెక్కించాం. ఆ సంగతి మేడమ్‌కు గొప్పగా చెప్పాను.

"అద్దం తీసేసి మీ అక్కకి ఏటి సెప్పేరు? నువ్వు సూడ్డానికి పనికిరావని సెప్పేరు," అన్నారావిడ.

సాయంత్రానికి అద్దం గోడ మీద ఉంది.

ఆవిడ ప్రతి గురువారం టెక్కలి నుంచి పలాసకు బస్సులో వచ్చేవారు. కుర్చీ ఎదురుగా కాక పక్కన వేసుకునేవారు. అక్క ఇంట్లో రోజూ కాసేపు అద్దం ముందు నిలబడాలి. మొదట చీరతో, కొన్ని వారాలకు జాకెట్టుతో, ఆ తర్వాత అదీ లేకుండా. చూసింది చూసినట్టు వచ్చి చెప్పాలి.

"అసయ్యంగా ఉంది మేడమ్."

"అది నీ కోపం. నేనడిగింది మచ్చ గురించి. ఎంతుంది?"

"జానెడు."

"రంగు?"

"జీడిపప్పు మీది పొట్టు రంగు."

"పలాసోళ్లకి ఇంకో రంగు తెలీదేటి?"

అక్క నవ్వింది. ఆపరేషన్ తర్వాత నేను విన్న మొదటి నవ్వు అది.

కొన్ని వారాలు అక్క అద్దానికి వీపు తిప్పేసేది. "ఈ వారం ఈపే సూపించు, అదీ నీదే కదా," అనేవారు మేడమ్. తొందరపెట్టేవారు కాదు.

మంగళవారం ఫోన్ రాగానే అక్క చీర మార్చుకుంది. టెక్కలి వెళ్లి ఆవిడను చూసి వచ్చాం. మాతోపాటు పక్కింటి అత్త కూడా వచ్చింది. ఇంటికి రాగానే అక్కకు స్నానాల గదిలో నీళ్లు పెడతానన్నాను.

"నాకెందుకే ఏరేగా?" అంటూ అక్క బోరు దగ్గర కూర్చుంది.

మొదటి చెంబుకే చీర తడిసి అతుక్కుంది. అత్త చూపు ఎడమవైపు ఆగింది. అక్క కొంగు లాక్కోలేదు.

"ఏటి సూత్తన్నావత్తా, నీళ్లు పొయ్యి," అంది.

అత్త చెంబు ముంచి, ఆ ఎడమ భుజం మీదుగా మెల్లగా పోసింది.