గుంట పూడ్చిన తరువాత మా కుక్క

మా కుక్కకు కష్టం వచ్చిందని అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. పొద్దంతా దాంతో ఒకే గదిలో ఉండేదీ నేనే.

మాది గద్వాలలో నేత ఇల్లు. మొన్నటిదాకా గుంట మగ్గం మీద నేసేవాళ్లం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని నేయాలి. చీరకు అంచు కలపాలంటే మా నేతలో ఇద్దరి చేతులు కావాలి కాబట్టి నా భార్య ఒక పక్కన కూర్చునేది. రెండో పక్కన కుక్క. పిల్లగా వచ్చిన రోజు నుంచీ దాని చోటు అదే. కూర్చుంటే దాని మొహం, నా మొహం ఒక్క ఎత్తున ఉండేవి. పోగు తెగితే నేను తిట్టే తిట్లన్నీ దానికే వినిపించేవాణ్ణి. నా భార్య వినడం మానేసి చాలా ఏళ్లయింది.

తరువాత నా మోకాళ్లు మొరాయించాయి. "గుంటల దిగుడు, ఎక్కుడు బంద్ చెయ్యి" అన్నాడు దవాఖానలో డాక్టరు. సరేనని ఎత్తు మగ్గం నిలబెట్టి, బల్ల వేసుకుని, గుంటను మట్టితో పూడ్చి పైన సిమెంటు చేయించాం. ఇల్లు విశాలమైందని ఇద్దరం మురిసిపోయాం.

ఆ మురిపెం ఎంతోకాలం ఉండలేదు. కుక్క జొన్నరొట్టె ముట్టడం మానేసింది. మగ్గం చప్పుడు మొదలైతే చాలు, మోరెత్తి ఏడ్చేది. ముందుకాలు నాకి నాకి బొచ్చంతా ఊడగొట్టుకుంది. గుంట ఉన్నచోట సిమెంటు గీకేది.

"దిష్టి తగిలిందయ్యా" అంది నా భార్య. మిరపకాయలు, ఉప్పు దిగదీసి పొయ్యిలో వేసింది. మేమిద్దరం దగ్గి దగ్గి చస్తుంటే కుక్క బయటికి పోయి మమ్మల్నే చూస్తూ కూర్చుంది. మెడకు నల్లదారం కడితే తెంపి తినేసింది. ఆ పూట అది తిన్నది అదొక్కటే.

పశువుల దవాఖానలో నులిపురుగుల మందిచ్చారు. పురుగులు పోయాయి, ఏడుపు పోలేదు. "మగ్గం సప్పుడుకు జడుస్తుందేమో, దూరంగ కట్టేయుండ్రి" అంది పక్కింటామె. వాకిట్లో కట్టేశాం. ఇంకా ఎక్కువ ఏడ్చింది. కుక్క ఏడిస్తే వాడకు అరిష్టమని నలుగురూ మూతులు ముడవడం మొదలుపెట్టారు.

నా బామ్మర్దిది తిమ్మాజిపేట. పల్లిచేను వేశాడు, అడవిపందులతో పరేషాన్ అవుతున్నాడు. "బావా, నాకియ్యి. చేనుకాడ పడుంటది, పందుల్ని తరుముతది" అన్నాడు ఫోన్లో. నాకు ఇవ్వబుద్ధి కాలేదు. పైకి మాత్రం "తీస్కపో" అన్నాను. ఆ రోజు నా భార్య కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది.

ఆదివారం పొద్దున వాడు ఆటో తీసుకుని వచ్చాడు. వాడు చాయ్ తాగేలోపు నాలుగు వరసలు నేద్దామని కూర్చుంటే, కాలికింద చెక్కకు కట్టిన తాడు పుటుక్కున తెగింది. ముడివేయడానికి మూలుగుతూ మగ్గం కింద నేలమీద కూలబడ్డాను. అప్పుడే బామ్మర్ది వాకిట్లో కుక్కను విప్పాడు. అది వాడి చేయి విడిపించుకుని, తాడు ఈడ్చుకుంటూ లోపలికొచ్చి నా పక్కన కూర్చుంది. అలవాటు కొద్దీ తెగిన తాడును తిట్టాను. కుక్క నా భుజం మీద గడ్డం పెట్టి, కళ్లు మూసుకుంది.

గడపలో నా భార్య వచ్చి నిలబడింది. నేనున్నచోటి నుంచి ఆమె చీర కుచ్చిళ్లు, రెండు పాదాలు కనబడ్డాయి. మొహానికి మగ్గం అడ్డం. వెనక బామ్మర్ది ప్యాంటు. ఇంతే. గుంట పూడ్చిన నాటినుంచి ఈ కుక్క చూస్తున్నది మా కాళ్లను. ఇంటినిండా మేముండి కూడా దానికి ఒక్క మొహం దక్కలేదు. నాకు ఏడుపొచ్చింది.

"బావా, జర తాడు అందియ్యి, బండెక్కిస్త."

"ఆగురా. దానికే రోగం లేదు. ఒంటరిదైంది."

"ఇంట్ల ఇద్దరు మనుషులుండంగ ఒంటరి ఏంది బావా?"

"గీడికొచ్చి కూసో, తెలుస్తది."

వాడు కూర్చోలేదు, ఇస్త్రీ ప్యాంటు. నా భార్య మాత్రం వంగి మా ఇద్దర్నీ చూసింది. లోపలికిపోయి రొట్టె పట్టుకొచ్చి, తల వంచుకుని మగ్గం కిందికి దూరి, కుక్కకు ఎదురుగా కూర్చుంది. కుక్క ఆమె మొహం చూసింది. చాలాసేపు చూసింది. తరువాత రొట్టె అందుకుంది.

"మీ ఇద్దరికి పిచ్చి లేసింది" అని బామ్మర్ది ఖాళీ ఆటో తోలుకుని వెళ్లిపోయాడు. మేం లేచి సాగనంపలేదు. కుక్క ఇంకా తింటోంది.