కాలి నుంచి చేతికొచ్చిన వేలు

మొన్న మనవరాలికి టీకా వేయించడానికి బూర్గంపాడు దవాఖానాకు వెళ్ళాను. నర్సు దూదితో స్పిరిట్ రాయగానే ఆ ఘాటు ముక్కుకు తగిలింది. అంతే, రాహేలమ్మ సిస్టర్ కళ్ళ ముందు నిలబడింది. ఆమె చేతుల నుంచి ఎప్పుడూ అదే వాసన వచ్చేది. తెల్లచీర, గట్టి గొంతు, ఎవరినైనా కసిరేసే నోరు. నిజం చెప్పాలంటే, ఆమె లేకపోతే ఈ కుడిచెయ్యి నాది అయ్యేది కాదు.

ఎనభైల్లో, పినపాక దగ్గర మా ఊళ్ళో, పశువులకు గడ్డి కోసే మిషన్‌లో పడి నా కుడిచేతి బొటనవేలు తెగిపోయింది. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. తెగిన వేలు నుజ్జునుజ్జయి, అతికించడానికి పనికిరాలేదు. బొగ్గుబాయిలో పనిచేసే నాయన సెలవు పెట్టి నన్ను హైదరాబాద్ పెద్ద దవాఖానాకు తీసుకుపోయాడు. ఎడమకాలి రెండో వేలు తీసి ఆ చోట పెడతామన్నారు డాక్టరు గారు. అమ్మ గుండె బాదుకుంది.

"అది మెట్టె పెట్టే వేలు సారూ! రేపు పెండ్లయితే ఏ వేలుకు పెడ్తరు?"

"పక్క వేలుకు పెడ్తరు తియ్ చెల్లె. ముందు బిడ్డకు చెయ్యి రానియ్," అంది ఆ వార్డులో పనిచేసే రాహేలమ్మ సిస్టర్. ఆమెది మా జిల్లాలోని నేలకొండపల్లే, మా మాటే ఆమె మాట.

ఆపరేషన్ అయ్యాక ఆమె గంటగంటకూ వచ్చి, వేలు నొక్కి, రంగు తిరిగి వస్తోందో లేదో చూసేది. వారానికి వేలు బతికిందన్నారు. అమ్మయ్య అనుకున్నాం. కానీ అది నా చేతివేలని నాకు అనిపిస్తేగా! కాలు తగిలితేనే కళ్ళకద్దుకునేవాళ్ళం, ఆ కాలివేలితో అన్నం ఎలా కలిపేది? అమ్మకూ అదే దిగులు. మైల పోవాలని, ఎవరూ చూడకుండా కట్టు మీద పసుపునీళ్ళు చల్లింది. తడిసిన కట్టు చూసి సిస్టర్ ఇంతెత్తున లేచింది.

"ఏంది చెల్లె గిది? చీము పడితే వేలే పోతది! గింత కష్టపడి అతికిచ్చింది నీళ్ళు పొయ్యనీకేనా?"

అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. కుట్లు విప్పాక బంతి పట్టుకోమంటే పట్టుకున్నాను, దువ్వెన పట్టుకున్నాను. కంచం ముందు పెడితే మాత్రం చెయ్యి వెనక్కి పోయేది. ఎడమ చేత్తో తినకూడదు కనుక అమ్మే తినిపించేది. వాడకపోతే వేలు బిగుసుకుపోతుందని డాక్టరు గారు రోజూ హెచ్చరించేవారు. ఒక మధ్యాహ్నం సిస్టర్ తన గిన్నెలో పప్పన్నం తెచ్చుకుని నా మంచం మీద కూర్చుంది.

"నాకు ఆకలైతంది. కలిపి నా నోట్ల పెట్టు."

"ఈ చేత్తోనా సిస్టరమ్మా? వద్దు, పాపం తగుల్తది."

"తగిలితే నాకు తగుల్తది. జల్దీ కానియ్, డ్యూటీకి పోవాలె."

గిన్నెలో చెయ్యి పెట్టి కలిపాను. రెండుసార్లు ముద్ద జారిపోయింది. మూడోసారి ఆమె నోరు తెరిచి అందుకుంది, నిదానంగా నమిలింది. "ఉప్పు సరిపోలే," అంది. అమ్మ ఏడుస్తూనే నవ్వింది, తర్వాత తనూ నోరు తెరిచింది. ఆ పూట నేను కడుపునిండా తిన్నాను, నా చేత్తోనే.

ఊరికి వచ్చేశాక ఆమెను మళ్ళీ చూడలేదు, ఆ బాధ నాకు ఉండిపోయింది. నా బిడ్డకు ఈ చేత్తోనే జడలు వేశాను, ముద్దలు కలిపి పెట్టాను. దానికి ఏడేళ్ళప్పుడు, ఒకరోజు నేను ముద్ద పెడుతుంటే కిందికి చూసి అడిగింది.

"అమ్మా, నీ కాలుకు నాలుగు వేళ్ళే ఉన్నయేంది?"

చేతి సంగతి దానికి తట్టనే లేదు.