వెర్లిన్ వంతు

అమెరికాలో అయోవా రాష్ట్రపు వాయవ్య మూలన ఉన్న మా ఊరి ధాన్యం సొసైటీలో, విత్తనాల కౌంటరు పక్కన ఒక గుండ్రటి బల్ల ఉంది. పొద్దున్నే పందులకు మేత వేసి వచ్చిన రైతులు అక్కడ కాఫీ తాగుతారు. డబ్బు ఎవరివ్వాలో పాచికలు తేలుస్తాయి. తోలు డబ్బాలో పాచికలు గలగలలాడించి బల్ల మీద బోర్లిస్తారు. అందరికంటే తక్కువ పడ్డవాడు అందరికీ ఇస్తాడు. డబ్బాను ఎవరూ చేయి చాచి తీసుకోరు. కుడిపక్క కూర్చున్నవాడు మన ముందుకు తోయాలి. కొత్తగా వచ్చిన పాస్టరుగారికీ, ఎరువులమ్మే కంపెనీ మనిషికీ తోయరు. వాళ్ల కాఫీ మిగతావాళ్లే ఇచ్చేస్తారు. వాళ్లు అదేదో మర్యాద అనుకుని మురిసిపోతారు. నేను ఆ కౌంటర్లో మేత బస్తాలు మోసేవాణ్ణి కాబట్టి చూసి తెలుసుకున్నాను, డబ్బా అందనివాడు ఆ బల్లకు పరాయివాడు.

వెర్లిన్ ష్రూర్‌కు పెళ్లైన ఏడాది నుంచీ ఆ డబ్బా అందుతోంది. ఆయన ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. మొక్కజొన్న కోసే యంత్రం తినేసింది. మిగిలిన వేళ్లతోనే డబ్బా ఊపేవాడు. పందుల ధర పడిపోయి సగం పొలం అమ్ముకున్న ఏడు కూడా, ఓడిన రోజున ఇంకొకరిని జాలి పడనివ్వక తనే కాఫీలు ఇచ్చాడు. చర్చిలో ప్రసంగం మొదలవగానే తన వరుసంతటికీ పిప్పరమెంట్లు పంచేవాడు. మాట తక్కువ. కానీ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి ఎవరు నిలబడాలో తేల్చే కాకస్ నాడు, బడి భోజనశాలలో ఊరివాళ్ల ముందు లేచి మాట్లాడేది మాత్రం ఆయనే. ఎవడు అందరిలోకీ గట్టి సంప్రదాయవాదో ఆయన వాడి పక్షం. జనం ఆయన మాట విని చీటీలు రాసేవారు.

ఆ చలికాలం గట్టివాడు సెనేటర్ ట్రాస్క్. మెతకవాడు గవర్నర్ హాలింగర్. గర్భస్రావాన్ని పూర్తిగా నిషేధించే బిల్లును తిప్పి పంపి, కొంతమేరకే ఆపే చట్టం మీద సంతకం చేసినవాడు.

“వాడు మన పార్టీవాడే అంటార్రా?” అన్నాడు లెస్టర్ పోస్ట్‌మా, డబ్బా ఊపుతూ. లెస్టర్ ఏటా జనవరిలో కోర్టు ముందు మంచులో గర్భస్రావాలు ఆపాలని రాసిన అట్ట పట్టుకుని నిలబడే మనిషి. నెలలు నిండకుండా పుట్టి బతికిన మనవరాలి ఫోటో ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉంటుంది. “సగం మంది పసివాళ్లను కాపాడతాడట. ఏ సగమో అడిగి చెప్పండి.”

“వాడు కాఫీలో కూడా సగం నీళ్లే పోయించుకుంటాడు,” అన్నాడు గేలెన్ బ్లీకర్. బల్లంతా నవ్వింది.

కాసేపటికి అదే గేలెన్ బయట వెర్లిన్ ట్రక్కు కిటికీ మీదకు వంగాడు. వెనక బస్తాలు ఎక్కిస్తున్నది నేను. మోసేవాడికి చెవులుంటాయని ఎవరికీ తోచదు.

“ఒరేయ్, నిజం చెప్పు. ట్రాస్క్ నవంబర్లో అసలు ఎన్నిక గెలుస్తాడా?”

“గెలవడు.”

“హాలింగరో?”

“గెలవచ్చు.”

“మరి ఎవరో ఒకరు లేచి ఆ మాట అనాలి గదా. నువ్వంటే వింటారు.”

“నువ్వను.”

“నేనా? మా ఆవిడ చర్చి మహిళా సంఘానికి పెద్ద. ఇంట్లో నాకు కూడు పుట్టదు.”

వెర్లిన్ భార్య ఆర్లిస్ చర్చిలో ఆర్గాన్ వాయిస్తుంది. వాళ్లింట్లో ఏం జరిగిందో ఆవిడే తర్వాత మా అమ్మతో చెప్పింది.

“నువ్వు లేస్తే ఆదివారం ఊరి కళ్లన్నీ నా వీపు మీదే ఉంటాయి,” అందట.

“లేవొద్దంటావా?”

“నమ్మే లేస్తున్నావా అంటున్నా.”

“రెండుసార్లు మనకు నచ్చినవాణ్ణే నిలబెట్టి ఓడాం. ఓడినవాడు ఒక్క పసికందునైనా కాపాడాడా, ఆర్లిస్?”

ఆవిడ లేచి ఆయన కోటు ఇస్త్రీ చేసి పెట్టిందట.

కాకస్ నాడు మంచు పడుతూనే ఉంది. పిల్లల బెంచీల మీద పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ట్రాస్క్ తరఫున లెస్టర్ మాట్లాడాడు. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. “హాలింగర్ తరఫున ఎవరైనా?” అంది సభ నడుపుతున్న టీచరమ్మ. ఎవరూ కదల్లేదు. ఎవరూ లేవకపోతే ఆ పేరు దాటేసి ముందుకు పోతారు. వెర్లిన్ గేలెన్ వంక చూశాడు. గేలెన్ వంగి బూటు సర్దుకుంటున్నాడు.

వెర్లిన్ లేచాడు. బెంచీ కాలు గచ్చు మీద కీచుమంది.

“నేను మారలేదు,” అన్నాడు. “లెస్టర్ నమ్మేదే నేనూ నమ్ముతా. కానీ గెలవని మనిషి చేతిలో మన నమ్మకాన్ని ఇంకోసారి పెట్టలేను. ఈయన సగమే ఇస్తాడు. నాకు ఆ సగం కావాలి.”

“ముందు సగం, తర్వాత సున్నా,” అని వెనక నుంచి ఎవరో గొణిగారు. ఆయన కూర్చున్నాక చప్పట్లు కొట్టింది ఆర్లిస్ ఒక్కతే.

ప్లాస్టిక్ బకెట్టు తిరిగింది. అందరూ చీటీలు మడిచి వేశారు. ట్రాస్క్ గెలిచాడు, కానీ అంచు మీద. హాలింగర్‌కు దాదాపు సగం చీటీలు వచ్చాయి. ఆ అంకె చదివాక ఆ గదిలో ఎవరూ పక్కవాడి మొహం చూడలేదు. పెన్సిలుతో ధైర్యం చేసినవాళ్లు అరచేతులతో చేయలేకపోయారు.

మర్నాడు పొద్దున వెర్లిన్ మామూలుగానే వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. కుడిపక్క గేలెన్, ఎడమపక్క లెస్టర్. వాతావరణం గురించీ, పందిపిల్లల విరేచనాల గురించీ మాటలు నడిచాయి. డబ్బా తిరుగుతూ గేలెన్ దగ్గరికొచ్చింది. గేలెన్ ఊపాడు, బోర్లించాడు. తర్వాత చేయి బారుగా చాచి, వెర్లిన్ కప్పు ముందు నుంచి డబ్బాను లెస్టర్ దగ్గరికి తోసేశాడు.

కౌంటరు దగ్గర నా చేతిలో బస్తా అలాగే ఉండిపోయింది.

“గేలెన్,” అన్నాడు వెర్లిన్ మెల్లగా. “నేనింకా ఇక్కడే ఉన్నా.”

“నీది మేమిచ్చేస్తాంలే,” అన్నాడు గేలెన్, కిటికీలోంచి మంచు చూస్తూ.

వెర్లిన్ మెడ ఎర్రబడింది. టోపీ కోసం చేయి చాచాడు. ఆ టోపీ పెట్టుకుని బయటికి నడిస్తే ఇక తిరిగి రాడని అందరికీ తెలుసు. లెస్టర్ డబ్బాను పట్టుకుని ఊపకుండా కూర్చున్నాడు. జేబులో ఫోటో ఉన్నచోట ఒకసారి తడుముకున్నాడు. తర్వాత డబ్బాను వెనక్కి, వెర్లిన్ ముందుకు తోశాడు.

“నిన్న నువ్వన్నది తప్పు. చచ్చేదాకా తప్పే అంటా,” అన్నాడు. “అంతమాత్రాన నీ కాఫీ నేనెందుకు కొనాలి? ఊపు.”

వెర్లిన్ మిగిలిన వేళ్లతో డబ్బా పట్టుకున్నాడు. పాచికలు గలగలలాడాయి. డబ్బా బల్ల చుట్టూ తిరిగొచ్చేసరికి ఆయనదే అందరికంటే తక్కువ. ఆయన పర్సు తీస్తూ కుడిపక్కకు తిరిగాడు.

“నీదీ నేనే ఇస్తున్నా గేలెన్. సగం నీళ్లు పోయించమంటావా?”

లెస్టర్ అందరికంటే పెద్దగా నవ్వాడు. గేలెన్ కప్పు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అందులో కాఫీ అప్పటికే అయిపోయింది.