ఎదురింట్లో పెట్టిన ప్రయాణం

మా అత్తయ్యగారికి మంగళవారం ప్రయాణమంటే గిట్టదు. విమానాలకు ఆ పట్టింపు లేదు. మావారి టిక్కెట్టు మంగళవారం సాయంత్రానికే ఖాయమైంది.

ఎనభైల మొదట్లో మాట. దేశ రాజధానిలో, జనక్‌పురిలో మొదటి అంతస్తులో రెండు గదుల అద్దె ఇల్లు మాది. మావారు ఫరీదాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్. గొట్టాల్లో ఒత్తిడి ఎంతుందో చూపించే మీటర్లూ వాల్వులూ విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించడం ఆయన పని. ఆ ఫ్యాక్టరీ లాకౌట్ అయింది. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారు అన్నారు. వేసవి పోయి చలికాలం వచ్చినా తెరవలేదు. పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చునే మనిషిని చూడటం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. కింది ఇంటాయన మెట్ల మీద కనిపించినప్పుడల్లా "క్యా భయ్యా, ఆజ్ భీ ఛుట్టీ?" అనేవాడు, ఇవాళా సెలవేనా అని. మావారు నవ్వి ఊరుకునేవారు. నాకు మాత్రం చేతిలో ఉన్న పాలగిన్నె ఆ పెద్దమనిషి నెత్తిన బోర్లించాలనిపించేది.

అలాంటప్పుడు ఇరాక్‌లో ఉద్యోగం దొరికింది. బస్రా వైపు ఎడారిలో చమురు బావులున్నాయట, అక్కడ పంపింగ్ స్టేషన్‌లో పని. కనాట్ ప్లేస్‌లో ఏజెంటు ఆఫీసులో ఇంటర్వ్యూ జరిగింది. పాడైన మీటరొకటి చేతికిచ్చి బాగుచెయ్యమన్నారట. ఆయన విప్పి, సరిచేసి, బిగించి ఇచ్చేసరికి ఎదురుగా కూర్చున్నవాళ్ళ టీ ఇంకా చల్లారలేదట. అక్కడికక్కడే తీసుకున్నారు. ఒప్పందం రెండేళ్ళు. పెళ్ళాన్నీ తల్లినీ తీసుకెళ్ళే వీల్లేదు. ఎందుకంటే అక్కడ యుద్ధం జరుగుతోంది.

"యుద్ధం సరిహద్దులో, బావుల దగ్గర కాదు" అని ఏజెంటు మావారికి చెప్పాడు. మావారు నాకు చెప్పారు. నేను అత్తయ్యగారికి చెప్పాను. ముగ్గురిలో ఒక్కరమూ నమ్మలేదు. నేను పక్కింటివాళ్ళ అట్లాసు తెచ్చి చూస్తే, ఆ ఊరూ ఆ సరిహద్దూ కలిపి నా బొటనవేలి కింద పట్టేశాయి.

అత్తయ్యగారు యుద్ధం ఊసెత్తలేదు. మంగళవారం మీద విరుచుకుపడ్డారు.

"మంగళవారం పూట కొడుకుని గడప దాటించడవా? నా కంఠంలో ప్రాణం ఉండగా కుదర్దు. సోమవారం పొద్దున్న మంచి ఘడియ ఉంది, పరస్థానం పెడదాం" అన్నారు పంచాంగం ముందేసుకుని.

మా వైపు అది పాత అలవాటే. బయల్దేరే రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే ఒక మంచి ఘడియలో ప్రయాణం చేసే మనిషి సంచీ తీసుకెళ్ళి ఇంకొకరి ఇంట్లో పెడతారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. ఆ తర్వాత మనిషి ఎప్పుడు కదిలినా దోషం లేదు. సంచీ మాత్రం మళ్ళీ మన గడప తొక్కకూడదు. పోయేవాడు దారిలో దాన్ని అందుకుని అటునుంచి అటే పోవాలి.

ఇంకొకరి ఇల్లంటే మాకు మా అంతస్తులోనే ఎదురింటి పంజాబీ ఆంటీదే. భర్త పోయాక ఒక్కతే ఉండేది. మధ్యాహ్నాలు ఆవిడా అత్తయ్యగారూ బాల్కనీలో ఎండకి కూర్చుని బఠాణీలు ఒలుచుకునేవారు. ఆవిడ పంజాబీ కలిసిన హిందీ, ఈవిడ అచ్చమైన కోనసీమ తెలుగు. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాదని నేననుకునేదాన్ని.

సోమవారం పొద్దున్న అత్తయ్యగారు సంచీలో పంచె, తువ్వాలు, పసుపు రాసిన కొబ్బరికాయ సర్దారు. అంతటితో ఊరుకోలేదు.

"ఒట్టి బట్టలు పెడితే చాలదురా నాన్నా. ఏది లేకపోతే నువ్వు కదల్లేవో అది పెట్టాలి."

మావారు నవ్వి, పాస్‌పోర్టు తీసి సంచీలో పడేశారు. "ఇది లేకపోతే దేవుడు కూడా విమానం ఎక్కలేడమ్మా."

సంచీ నేనే తీసుకెళ్ళి ఆంటీ బీరువా పక్కన పెట్టి వచ్చాను. ఆ సాయంత్రం రేడియోలో చెప్పారు, మావారు వెళ్ళే వైపే చమురు ట్యాంకుల మీద బాంబులు పడ్డాయని. నేను రేడియో కట్టేసి వచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

"వెళ్ళకండి."

"వెళ్ళక?"

ఉన్న కోపమంతా కుక్కర్ మూత మీద చూపించి ఊరుకున్నాను.

మంగళవారం పొద్దున్న ఆయన టిక్కెట్టు తెచ్చుకోవడానికి ఏజెంటు దగ్గరికి వెళ్ళారు. నేను పాల బూత్‌కి, అటునుంచి బజారుకి వెళ్ళి వచ్చేసరికి ఆంటీ తలుపుకి తాళం వేసుంది. కరోల్‌బాగ్‌లో అక్కగారికి ఉన్నట్టుండి జబ్బు చేసిందని, పరిగెత్తుకు వెళ్ళిందని, సాయంత్రానికి గానీ రాదని కింద చెప్పుకుంటున్నారు. కరోల్‌బాగ్‌లో ఎక్కడో ఎవరికీ తెలియదు.

నిజం చెబుతున్నాను, ఆ తాళం చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పాస్‌పోర్టు లోపల, తాళం బయట. ఈ విమానం తప్పిపోతే ఆయన చోటులోకి ఇంకొకడు వెళ్ళిపోతాడని ఏజెంటు ముందే చెప్పాడు. వెళ్ళనీ, ఎవడో ఒకడు వెళ్ళనీ అనుకున్నాను. ఆ ఎవడికో కూడా ఇంట్లో ఒక ఆడది ఉంటుందన్న ఆలోచన అప్పుడు రాలేదు.

వంటింట్లో అత్తయ్యగారు దారికని పులిహోర కలుపుతున్నారు.

"ఆంటీ వెళ్తూ మీకేమైనా చెప్పారా అత్తయ్యగారూ?"

"ఏవోనమ్మా, ఏదో అంది. ఆవిడ హిందీ నాకు అర్థవయ్యి ఏడిస్తేనా?"

తల ఎత్తలేదు. ఎడంచేత్తో కొంగుని పొట్ట దగ్గర అదిమి పట్టుకున్నారు. కొంగు చివర ముడి వేసి ఉంది. ముడిలోంచి ఎర్ర దారం తొంగిచూస్తోంది. ఆంటీ తన తాళంచెవికి ఎర్ర దారం కట్టుకుంటుంది. మా ఇంట్లో దారం కట్టిన తాళంచెవే లేదు.

నేను చూశాను. నేను చూడటం ఆవిడ చూశారు. ఆ ముహూర్తం పెట్టిన మనిషే, ఆ సంచీ సర్దిన మనిషే.

"పోపు మాడిపోతోంది అమ్మాయ్, కరివేపాకు అందుకో" అన్నారు.

అందించాను.

మధ్యాహ్నానికి మావారు టిక్కెట్టుతో వచ్చారు. తాళం చూశారు. కరోల్‌బాగ్ వెళ్ళి వెతుకుతానన్నారు, మళ్ళీ ఆయనే ఎక్కడని వెతకను అన్నారు. చివరికి స్క్రూడ్రైవర్ తీసుకుని ఆ తలుపు ముందు గొంతుక్కూర్చుని గొళ్ళెం మరలు విప్పడం మొదలుపెట్టారు. నేను మా గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మర మీద పెట్టడం, జారిపోవడం, అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకోవడం, మళ్ళీ పెట్టడం. కంగారు పడుతున్నారనుకున్నాను. కింద టాక్సీ వచ్చి హారన్ కొట్టింది. కాసేపాగి మళ్ళీ కొట్టింది. ఇంకొంచెం సేపు, ఇంకొంచెం సేపు అని నేను లోపల దండం పెట్టుకుంటున్నాను.

హారన్ విని కింది ఇంటాయన పైకి వచ్చాడు. తాళం వేసిన ఇంటి ముందు స్క్రూడ్రైవర్‌తో మావారిని చూశాడు.

"వాహ్ భయ్యా! నౌకరీ నహీ మిలీ తో అబ్ యే ధంధా?"

ఉద్యోగం దొరక్క ఈ వృత్తిలో దిగావా అని. అని, నవ్వి, అక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనకాల ఇంకో ఇద్దరు చేరారు. పోలీసు అన్న మాట వినబడింది. మావారు ఇలా వెనక్కి తిరిగి, పాస్‌పోర్టు లోపలుందని, అది తనదేనని చెప్పబోయారు. ఆ మొహం నేను ఎప్పటికీ మర్చిపోలేను.

"ఎవర్రా దొంగ?" అత్తయ్యగారు నన్ను తోసుకుని బయటికి వచ్చారు. "నా కొడుకా దొంగ? నోట్లో పురుగులు పడతాయి!"

ఆ తెలుగు ఎవరికి అర్థమైందో ఏమో, అందరూ రెండు మెట్లు కిందికి దిగారు. ఆవిడ అక్కడే, అందరి ముందూ, కొంగు ముడి పళ్ళతో విప్పి, ఎర్ర దారం తాళంచెవి కొడుకు చేతిలో పెట్టారు.

ఆయన తాళంచెవిని చూశారు. నలిగిన కొంగుని చూశారు. తాళం తీశారు. నేను లోపలికి వెళ్ళి సంచీ తెచ్చాను. వస్తూ గొళ్ళెం వైపు చూశాను. అంతసేపు తిప్పిన మరల్లో ఒక్కటి కూడా వదులు కాలేదు.

సంచీ మా గడప తొక్కలేదు. వసారాలోనే అందుకుని, ఆయన వంగి తల్లి కాళ్ళకు దండం పెట్టారు. పైకి లేస్తూ, కింద ఉన్నవాళ్ళకు వినపడకుండా అన్నారు.

"ఇంకో గంట ఓర్చుకోలేకపోయావా అమ్మా."

మెట్లు దిగి వెళ్ళిపోయారు. వెనక్కి తిరగకూడదు కాబట్టి తిరగలేదు. తర్వాత సెలవుల్లో వచ్చినప్పుడు కూడా ఆ మాట గురించి నేను ఆయన్ని అడగలేదు.

అత్తయ్యగారు ఆ మెట్ల దగ్గరే కూర్చుండిపోయారు. ఎంత పిలిచినా లోపలికి రాలేదు. చీకటి పడే వేళకి ఆంటీ వచ్చింది. ఆయాసపడుతూ మెట్లెక్కి, అత్తయ్యగారిని చూసి, తాళంచెవి అడగలేదు, పక్కనే కూలబడి చెయ్యి పట్టుకుంది.

"బేటా రుకా, యా గయా?" కొడుకు ఆగాడా, వెళ్ళిపోయాడా అని.

"గయా" అన్నారు అత్తయ్యగారు.

ఆవిడ నోట హిందీ మాట వినడం నాకదే మొదలు.